ఊరు దాటని పేరు: రగ్బీ లీగ్ ఆటగాడిని ఎవరు గుర్తుపడతారు?

హెడింగ్లీ అనగానే మనకు క్రికెట్టే గుర్తొస్తుంది. 2025 జూన్‌లో మన జట్టు ఐదు సెంచరీలు కొట్టి కూడా టెస్ట్ ఓడిపోయింది అక్కడే. ఆ మ్యాచ్‌ను టీవీలో చూసినవాళ్లు గమనించారో లేదో గానీ, ఆ మైదానంలో ఒక పెద్ద స్టాండ్‌కు రెండు ముఖాలున్నాయి. ఒకవైపు కూర్చుంటే క్రికెట్ పిచ్ కనిపిస్తుంది. అదే స్టాండ్‌లో వీపు వెనక వైపుకు వెళ్తే ఇంకో మైదానం. అది లీడ్స్ రైనోస్ అనే రగ్బీ లీగ్ క్లబ్బుది. ఇటువైపు ఆడిన ఇంగ్లండ్ బ్యాటర్ల పేర్లు విజయవాడ టీకొట్టు దగ్గర నిలబడ్డవాళ్లు కూడా గడగడా చెప్పేస్తారు. అటువైపు 2001 నుంచి 2017 దాకా ఒకే క్లబ్బుకు ఆడి, 8 సార్లు టైటిల్ గెలిచిన రాబ్ బరో మాత్రం ఆట ఆడుతున్నన్నాళ్లూ లండన్ వీధుల్లో నడిచి వెళ్తే తలతిప్పి చూసేవాళ్లు తక్కువే. అదే లీడ్స్‌లోనో, ఆ పక్క ఊళ్లలోనో పాల ప్యాకెట్ కోసం బయటికి వస్తే నలుగురితో మాట్లాడకుండా ఇల్లు చేరలేడు.

ఒకే స్టాండ్‌కు రెండువైపులా ఇంత తేడా ఎందుకొచ్చింది? క్రికెట్ పెద్ద ఆట, ఇది చిన్న ఆట అంటే తెమిలిపోయే జవాబు కాదు. రగ్బీ లీగ్ ఆటగాడి పేరు ఎందుకు ఊళ్లో అంత గట్టిగా నాటుకుంటుందో, ఊరి పొలిమేర దాటగానే ఎందుకు వినిపించదో చూస్తే, రెండింటికీ కారణాలు దాదాపు ఒకటే.

ముందు ఆట సంగతి. రగ్బీలో రెండు రకాలున్నాయి. న్యూజిలాండ్ జట్టు ఆల్ బ్లాక్స్ ఆడేది, జట్టుకు 15 మంది ఉండేది యూనియన్. జట్టుకు 13 మంది ఉండేది లీగ్. కబడ్డీ తెలిసినవాళ్లకు లీగ్ తొందరగానే పట్టుబడుతుంది. బంతి చంకన పెట్టుకుని దూసుకొచ్చేవాడిని ఇద్దరు ముగ్గురు చుట్టేసి నేల కరిపిస్తారు. వాడు లేచి, బంతిని కాలితో వెనక్కి తోస్తాడు, మళ్లీ పరుగు మొదలవుతుంది. ఆరుసార్లు పడేలోపు గీత దాటి పాయింట్లు తెచ్చుకోకపోతే బంతి అవతలివాళ్ల చేతికి పోతుంది. హెల్మెట్లు లేవు, ముఖాలకు జాలీలు లేవు. పాత మైదానాల్లో ప్రేక్షకులు గీతకు నాలుగడుగుల దూరంలో నిలబడేవారు. పగిలిన పెదవి, మట్టి కొట్టుకున్న చెంప, రొప్పు అన్నీ దగ్గర్నుంచి కనిపిస్తాయి. ముఖం గుర్తుండిపోవడానికి ఇంతకంటే ఏం కావాలి?

ఈ రెండూ విడిపోయింది డబ్బు తగాదాతో. 19వ శతాబ్దం చివర్లో ఉత్తర ఇంగ్లండ్‌లో రగ్బీ ఆడేవాళ్లలో చాలామంది బొగ్గు గనుల్లో, బట్టల మిల్లుల్లో కూలీలు. మ్యాచ్ కోసం పని మానేస్తే ఆ పూట కూలి పోతుంది. కనీసం ఆ కూలైనా ఇప్పించమని ఉత్తరాది క్లబ్బులు అడిగాయి. ఆటకు డబ్బు అంటడమేమిటని ఆటను నడిపే పెద్దమనుషులు ఒప్పుకోలేదు. 1895 ఆగస్టు 29న హడర్స్‌ఫీల్డ్‌లోని జార్జ్ హోటల్లో ఉత్తరాది క్లబ్బులు సమావేశమై వేరుకుంపటి పెట్టుకున్నాయి. మూడేళ్ల తర్వాత, 1898లో, ఆటకు జీతం ఇవ్వడాన్ని పూర్తిగా అనుమతించారు. కానీ ఒక షరతు: ఆటగాడికి వేరే ఉద్యోగం ఉండి తీరాలి. ఆటే బతుకుదెరువు చేసుకుని ఖాళీగా తిరిగేవాడు పనికిరాడన్నమాట. ఇవాళ చదివితే వింతగా ఉంటుంది గానీ, ఈ ఆట స్వభావం సగం ఆ షరతులోనే ఉంది. శనివారం మైదానంలో చూసిన మనిషే సోమవారం గనిలో పక్కన పార పట్టుకుని కనిపిస్తాడు. అతన్ని ఆరాధించడానికి కావలసినంత దూరం ఎప్పుడూ ఏర్పడలేదు.

ఆ వేరుకుంపటి హద్దులు ఇప్పటికీ పెద్దగా మారలేదు. లివర్‌పూల్ వైపు నుంచి తూర్పున హల్ దాకా ఎం62 అనే హైవే ఉంది, పొడవు 170 కిలోమీటర్ల పైచిలుకు. సెయింట్ హెలెన్స్, విడ్నెస్, వారింగ్టన్, విగన్, లీ, హడర్స్‌ఫీల్డ్, లీడ్స్, వేక్‌ఫీల్డ్, కాసిల్‌ఫర్డ్, హల్ అన్నీ దానికి ఇటూ అటూ ఉన్నవే. ఇంగ్లండ్‌లో ఈ ఆటకు సంబంధించిన ప్రపంచమంతా సుమారుగా ఆ రోడ్డు వెంటే ఉందనుకోవచ్చు. వీటిలో లీడ్స్, హల్ తప్పిస్తే నిజమైన నగరాలు తక్కువ. ఎక్కువగా ఒక మెయిన్ రోడ్డు, ఒక మార్కెట్, మూతపడ్డ గనులు ఉన్న మామూలు పట్టణాలు.

వాటిలో ఫెదర్‌స్టోన్ మరీ చిన్నది. జనాభా సుమారు పదిహేను వేలు, మన దగ్గర ఒక పెద్ద మండల కేంద్రమంత. ఈ ఊరి జట్టు ఫెదర్‌స్టోన్ రోవర్స్ దేశంలోనే పెద్ద నాకౌట్ టోర్నీ అయిన చాలెంజ్ కప్‌ను మూడుసార్లు గెలిచింది: 1967, 1973, 1983. మూడోది ఇప్పటికీ కథలా చెప్పుకుంటారు. లండన్‌లోని వెంబ్లీ స్టేడియంలో ఎదురుగా హల్ జట్టు, అందరి అంచనాలూ వాళ్లవైపే. చివరి నిమిషాల్లో ఒక పెనాల్టీ కిక్‌తో ఫెదర్‌స్టోన్ 14-12తో గెలిచింది. జట్టుకు ఫార్వర్డ్, అంటే ముందుండి ఢీకొట్టే బలమైన ఆటగాడు, కావాలంటే గని నోటి దగ్గర నిలబడి కేకేస్తే చాలు, ఒకడు పైకొస్తాడు అనే మాట ఆ వైపు పాతకాలం నుంచీ ఉంది. రెండేళ్లు తిరిగేసరికి, 1985లో, గని కార్మికుల సమ్మె ముగిసిన కొద్ది నెలలకే ఊళ్లోని ఆక్టన్ హాల్ గని మూతపడింది. ఊరికి మిగిలింది క్లబ్బు.

ఇలాంటి ఊళ్లో ఆటగాడు తెలుసు అంటే అర్థమే వేరు. సినిమా హీరోను గుర్తుపట్టినట్టు కాదు. మన పల్లెల్లో కొత్త కుర్రాడు కనిపిస్తే "ఎవరబ్బాయివిరా నువ్వు?" అంటారు చూడండి, అలాంటి తెలియడం. వాళ్ల నాన్న ఎక్కడ పనిచేశాడు, తాత ఏ జట్టుకు ఆడాడు, చిన్నప్పుడు ఏ స్కూల్లో చదివాడు, ఇప్పుడు ఏ వీధిలో ఇల్లు కొన్నాడు, అన్నీ ఆ గుర్తింపులో భాగమే. ఆటోగ్రాఫ్ అడగడం కంటే ఆదివారం ఆ ట్యాకిల్ (అవతలివాణ్ని పట్టి పడేయడం) ఎందుకు వదిలేశావని నిలదీయడం ఎక్కువ. ఈ చనువు అందరికీ పడదు. గెలిచిన వారం బాగానే ఉంటుంది. ఓడిన వారం చిప్స్ కొట్టు దగ్గర క్యూలో నిలబడటం కూడా పరీక్షే. ముఖం దాచుకోవడానికి గోడలున్న పెద్ద బంగళాలు ఈ ఆట ఇచ్చే జీతాల్లో రావు.

జీతాల సంగతి ఇక్కడ నిజంగానే ముఖ్యం. ఇంగ్లండ్‌లో ఈ ఆట మొదటి అంచె పోటీ అయిన సూపర్ లీగ్‌లో ఒక క్లబ్బు జట్టు మొత్తానికి కలిపి ఏడాదికి పెట్టగల జీతాల పరిమితి, కొన్ని మినహాయింపులు పక్కన పెడితే, సుమారు 21 లక్షల పౌండ్లు. ప్రీమియర్ లీగ్ ఫుట్‌బాల్లో ఒక పెద్ద స్టార్ ఒక్కడే రెండు మూడు నెలల్లో అంత సంపాదిస్తాడు. అందుకే ఫుట్‌బాల్ ఆటగాడు ఊరి బయట గేటు వెనక ఉంటాడు, రగ్బీ లీగ్ ఆటగాడు అభిమాని ఉన్న వీధికి రెండు వీధుల అవతల ఉంటాడు. రెండో అంచె పోటీల్లో అయితే ఇప్పటికీ చాలామంది పగలు ప్లంబింగో, బడిపంతులు ఉద్యోగమో చేసుకుని సాయంత్రాలు ప్రాక్టీస్‌కు వస్తారు. పైపు బాగుచేయడానికి ఇంటికొచ్చినవాడు వారాంతంలో టికెట్ కొని చూసే ఆటగాడే కావడం అక్కడ వింతేమీ కాదు.

ఈ ఊరి ముడి ఎంత గట్టిదో 1995లో బయటపడింది. రూపర్ట్ మర్డోక్ కంపెనీ టీవీ డబ్బుతో సూపర్ లీగ్ ప్రతిపాదన వచ్చినప్పుడు, చిన్న క్లబ్బుల్ని కలిపేయాలన్నారు. కాసిల్‌ఫర్డ్, ఫెదర్‌స్టోన్, వేక్‌ఫీల్డ్ కలిపి 'కాల్డర్' అనే ఒకే జట్టు. హల్‌లోని రెండు క్లబ్బులు కలిపి 'హంబర్‌సైడ్'. కాగితం మీద లెక్క బాగానే ఉంది. మూడు ఊళ్లూ కూతవేటు దూరంలోనే ఉన్నాయి కదా అనుకున్నారు. కానీ అభిమానులు మైదానాల్లోకి దిగి గొడవ చేశారు, విలీనాల ఆలోచన వెనక్కి పోయింది. లెక్క వేసినవాళ్లు మరిచిపోయిందేమిటంటే, ఆ జనం వస్తున్నది రగ్బీ చూడటానికి మాత్రమే కాదు, తమ వీధి కుర్రాడు పక్క ఊరివాణ్ని పడగొట్టడం చూడటానికి. ఇద్దరికీ ఒకే జెర్సీ తొడిగితే ఇక చూసేదేముంది?

ఇక విగన్ కథ. 1953లో కార్డిఫ్ రేవు పక్కనున్న టైగర్ బే నుంచి బిల్లీ బోస్టన్ అనే కుర్రాణ్ని విగన్ క్లబ్బు తీసుకుంది. నల్లజాతి తండ్రి బిడ్డ. సొంత ఊరి యూనియన్ క్లబ్బుకు ఆడాలని ఆశ ఉన్నా ఆ తలుపు తెరుచుకోలేదు. క్లబ్బువాళ్లు ఇంటికొచ్చి డబ్బు చూపిస్తే, వదిలించుకుందామని వాళ్లమ్మ రెట్టింపు, 3,000 పౌండ్లు అడిగిందని, వాళ్లు సరేననడంతో ఇరుక్కుపోయిందని ఒక కథ ప్రచారంలో ఉంది. తర్వాత పదిహేనేళ్లలో విగన్ తరఫున 488 మ్యాచ్‌లు ఆడి 478 ట్రైలు సాధించాడు. ట్రై అంటే బంతిని గీత అవతల నేలకు ఆనించడం. మ్యాచ్‌కు దాదాపు ఒకటి చొప్పున అన్నమాట. 1957లో గ్రేట్ బ్రిటన్ జట్టు ఆస్ట్రేలియా నుంచి తిరిగొస్తూ దక్షిణాఫ్రికాలో ప్రదర్శన మ్యాచ్‌లు ఆడింది. అక్కడి వర్ణవివక్ష చట్టాల వల్ల బోస్టన్ ఒక్కడే వేరే దారిలో ఇంటికి వచ్చాడు. దేశం అతనికిచ్చిన విలువ అది. విగన్‌లో మాత్రం అతను ఆట మానేశాక క్లబ్బు మైదానం పక్కనే గ్రిఫిన్ అనే పబ్ నడిపాడు. గ్లాసులో బీరు పోసి ఇచ్చేవాడు ఎవరో లోపలికొచ్చే ప్రతివాడికీ తెలుసు. వేల్స్ నుంచి వచ్చినవాడు విగన్‌వాడైపోయాడు.

2016లో ఊరు అతనికి విగ్రహం పెట్టింది. దేశం సర్ బిరుదు ఇచ్చింది 2025 జూన్‌లో, అతనికి 90 ఏళ్లు నిండాక. ఆట పుట్టి 130 ఏళ్లయితే, రగ్బీ లీగ్ ఆటగాడికి సర్ బిరుదు రావడం అదే మొదటిసారి. క్రికెట్‌లో, ఫుట్‌బాల్లో, యూనియన్‌లో ఎంతమంది సర్‌లున్నారో లెక్కపెట్టుకుంటే, ఊరి పేరుకూ దేశం పేరుకూ మధ్య ఎంత అగాధం ఉందో అర్థమవుతుంది. అతను పరుగెత్తిన సెంట్రల్ పార్క్ మైదానం 1999లో మూతపడింది. ఆ స్థలంలో ఇప్పుడు టెస్కో సూపర్‌మార్కెట్ ఉంది.

ఇదే అగాధాన్ని ఇంకోవైపు నుంచి చూపించేవాళ్లు, లీగ్ నుంచి యూనియన్‌కు మారినవాళ్లు. జేసన్ రాబిన్సన్ 1990ల్లో విగన్‌కు ఎన్నో కప్పులు తెచ్చాడు. దేశమంతా అతని ముఖం చూసింది మాత్రం 2003లో యూనియన్ ప్రపంచ కప్ ఫైనల్లో ట్రై చేశాక. ఆండీ ఫారెల్ విగన్ కెప్టెన్‌గా లీగ్‌లో ఉత్తమ ఆటగాడి అవార్డు రెండుసార్లు గెలిచాడు. ఇవాళ అతన్ని ఐర్లండ్ యూనియన్ కోచ్‌గా, 2025లో లయన్స్ (బ్రిటన్, ఐర్లండ్ ఉమ్మడి యూనియన్ జట్టు) కోచ్‌గానే ఎక్కువమంది గుర్తుపడతారు. కాళ్లు అవే, బుర్ర అదే. ఆట మారగానే దేశం కంటికి కనిపించడం మొదలైంది. ఆటలో ఎంత గొప్పవాడన్నది కాదు, పత్రికలు నడిపేవాళ్లు, పెద్ద స్కూళ్లలో చదివినవాళ్లు చిన్నప్పుడు ఏ ఆట ఆడారన్నది పేరు ఎంత దూరం వెళ్తుందో తేలుస్తుంది. వాళ్లు ఆడింది యూనియన్.

మరి ఊరికే పరిమితమైన పేరుకు దేశస్థాయిలో బలమేమీ ఉండదా? అలా అనుకోవడానికి లేదు. 2015 చివర్లో బీబీసీ ఏటా ఫోన్ ఓట్లతో ఎంపిక చేసే ఉత్తమ క్రీడాకారుడి పోటీలో ఆండీ మర్రే గెలిచాడు. అతను గెలుస్తాడని అందరికీ తెలుసు. రెండో స్థానంలో వచ్చిన పేరే చాలామందిని బిత్తరపోయేలా చేసింది. లీడ్స్ రైనోస్ కెప్టెన్ కెవిన్ సిన్‌ఫీల్డ్. ఆ ఏడాది క్లబ్బుకు మూడు ట్రోఫీలు తెచ్చి వెళ్లిపోతున్నాడు. 2,78,000 పైచిలుకు ఓట్లు పడ్డాయి. ఈ ఆట నుంచి అంతకుముందు ఎవరూ అంత పైకి రాలేదు. దేశమంతటా తలా కొంచెం తెలిసిన క్రీడాకారులకు పడని ఓట్లు, ఒక మూల బాగా తెలిసినవాడికి పడ్డాయి. పలచగా పరుచుకున్న పేరు కోసం లేచి ఫోన్ తీసేవాళ్లు తక్కువ. పరిచయస్తుడి కోసం ఇంటిల్లిపాదీ తీస్తారు.

రాబ్ బరో విషయంలో అది ఇంకా స్పష్టంగా కనిపించింది. ఎత్తు 5 అడుగుల 5 అంగుళాలు. గుమ్మమంత మనుషుల మధ్య నుంచి దూరిపోయే కుర్రాడు. 2011 గ్రాండ్ ఫైనల్లో, అంటే సూపర్ లీగ్ టైటిల్ తేల్చే మ్యాచ్‌లో, సెయింట్ హెలెన్స్ ఆటగాడి చేతుల కింద నుంచి వంగి తప్పించుకుని చేసిన ట్రైని లీడ్స్‌లో ఎవరిని లేపి అడిగినా చేతులు తిప్పి చూపిస్తారు. 2019 డిసెంబర్‌లో అతనికి మోటార్ న్యూరాన్ వ్యాధి అని తేలింది. కండరాలు ఒక్కొక్కటే పనిచేయడం మానేస్తాయి, మాట పోతుంది, నయం చేసే మందు లేదు. పాత కెప్టెన్ సిన్‌ఫీల్డ్ స్నేహితుడి కోసం పరుగు మొదలుపెట్టాడు. 2020లో ఏడు రోజుల్లో ఏడు మారథాన్లు. మరుసటి ఏడాది లెస్టర్ నుంచి లీడ్స్ దాకా 24 గంటల్లో 101 మైళ్లు. లక్షల పౌండ్ల విరాళాలు వచ్చాయి. 2023 మేలో బరో పేరుతోనే లీడ్స్‌లో మారథాన్ పెట్టారు. సిన్‌ఫీల్డ్ చక్రాల కుర్చీలో బరోను కూర్చోబెట్టుకుని 42 కిలోమీటర్లూ తోసుకుంటూ వచ్చాడు. గీత దగ్గర ఆగి, అతన్ని రెండు చేతులతో ఎత్తుకుని నాలుగడుగులు వేసి దాటించాడు. ఆ దృశ్యంతోనే రగ్బీ లీగ్ గురించి ఏమీ తెలియని లక్షల మందికి ఈ ఇద్దరూ తెలిశారు. ఆట ఇరవై ఏళ్లలో చేయలేని పనిని జబ్బు నాలుగేళ్లలో చేసింది. చెప్పుకోవడానికి కష్టంగా ఉన్నా నిజం అదే.

బరో 2024 జూన్ 2న పోయాడు. అంత్యక్రియలు జులై 7న జరిగాయి. ఏడో నెల, ఏడో తేదీ. అతని జెర్సీ నంబర్ 7. శవవాహనం పాంటీఫ్రాక్ట్ వైపు వెళ్తూ ఫెదర్‌స్టోన్ లయన్స్ అనే అమెచ్యూర్ క్లబ్బు ముందు నుంచి సాగింది. చిన్నప్పుడు బరో మొదట బంతి పట్టింది అక్కడే. రోడ్డుకు రెండువైపులా రకరకాల క్లబ్బుల జెర్సీలు వేసుకున్న జనం చప్పట్లు కొడుతూ నిలబడ్డారు. దేశమంతా పేరున్న మనిషి చివరి ప్రయాణం కూడా ఆ చిన్న ఊరి మీదుగానే.

ఆస్ట్రేలియాలో లెక్క కొంచెం వేరు. అక్కడ న్యూ సౌత్ వేల్స్, క్వీన్స్‌లాండ్ రాష్ట్రాల్లో ఇదే పెద్ద ఆట. ఆటగాళ్లకు జీతాలూ ఎక్కువ. అయినా పేరుకు హద్దు అక్కడా ఉంది. లీగ్ ఆడే రాష్ట్రాలకూ ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్ ఆడే రాష్ట్రాలకూ మధ్య 'బరాసీ గీత' అనే ఊహారేఖ గురించి అక్కడివాళ్లు 1978 నుంచి మాట్లాడుకుంటున్నారు. కామెరాన్ స్మిత్ ఆ దేశపు పోటీల్లో 430 మ్యాచ్‌లు ఆడాడు, రికార్డు అది. ఆడిందంతా మెల్‌బోర్న్ జట్టుకే, అంటే గీతకు అవతల. క్వీన్స్‌లాండ్ రాజధాని బ్రిస్బేన్‌లో కాలు బయట పెడితే జనం మూగే మనిషి, సొంత క్లబ్బున్న నగరంలో ప్రశాంతంగా కాఫీ తాగొచ్చు. సిడ్నీ పశ్చిమాన పారమాట, వెస్ట్‌మీడ్ చుట్టుపక్కల తెలుగు కుటుంబాలు గట్టిగానే ఉన్నాయి. అక్కడికి దగ్గర్లోని పెన్రిత్ జట్టు 2021 నుంచి 2024 దాకా వరుసగా నాలుగుసార్లు టైటిల్ గెలిచింది. అందులో జెరోమ్ లూయాయ్, బ్రయాన్ టోఓ లాంటివాళ్లు మౌంట్ డ్రూయిట్ అనే పేద శివారు నుంచి వచ్చిన సమోవా మూలాల కుర్రాళ్లు. మన పిల్లలకు స్కూల్లో ఈ పేర్లు తగలకుండా ఉండవు. ఇంట్లో తల్లిదండ్రులకు మాత్రం ఐపీఎల్ వేలమే ముఖ్యం.

పాపువా న్యూగినీలో మాత్రం ఈ హద్దు దాదాపు లేదు. అక్కడ రగ్బీ లీగ్ జాతీయ క్రీడ. 2028 నుంచి ఆ దేశపు జట్టు ఆస్ట్రేలియా పోటీల్లోకి రాబోతోంది, ఆస్ట్రేలియా ప్రభుత్వం పదేళ్లలో 60 కోట్ల ఆస్ట్రేలియన్ డాలర్లు పెడుతోంది. ఆ దేశంలోని రబౌల్‌లో పుట్టిన అడ్రియన్ లామ్ ఇంగ్లండ్‌లో లీ అనే చిన్న పట్టణపు జట్టుకు కోచ్ అయ్యాడు. 2023 చాలెంజ్ కప్ ఫైనల్లో స్కోర్లు సమమై అదనపు సమయంలోకి వెళ్తే, అతని కొడుకు లాక్లన్ లామ్ కొట్టిన డ్రాప్ గోల్‌తో (బంతిని నేలకు వదిలి, ఎగరగానే గోల్ స్తంభాల మధ్యకు తన్నడం) లీ 17-16తో గెలిచింది. ఆ ఊరికి ఆ కప్పు 1971 తర్వాత మళ్లీ అప్పుడే. విదేశీ ఆటగాళ్లు ఎక్కువై ఊరి బంధం పలచబడుతోందని పాతతరం అభిమానులు సణుగుతుంటారు గానీ, లీ వీధుల్లో ఆ తండ్రీకొడుకుల్ని పరాయివాళ్లని ఎవరైనా అంటారా? బోస్టన్ కూడా బయటివాడే. బంధం నిజంగా పలచబడుతున్నది వేరేచోట: రెండేళ్ల కాంట్రాక్టుతో వచ్చి ఇల్లు కొనుక్కోకుండానే వెళ్లిపోవడంలో, ఊరి మధ్య మైదానం అమ్మేసి ఊరి చివర స్టేడియం కట్టడంలో, మ్యాచ్ రిపోర్టు నిండుగా రాసే ఊరి పత్రిక పేజీలు తగ్గిపోవడంలో.

హల్‌లో రెండు జట్లున్నాయి. పడమటివైపు తెలుపు నలుపు, తూర్పువైపు తెలుపు ఎరుపు. 1980లో ఈ రెండూ వెంబ్లీ ఫైనల్లో తలపడితే ఊరంతా లండన్‌కు కదిలింది. చివరగా వెళ్లేవాళ్లు లైట్లు ఆర్పేసి వెళ్లండి అని ఎవరో రోడ్డు పక్కన బోర్డు పెట్టారు. ఆ రెండు జట్లకూ ఆడి, రెండువైపులా ప్రేమ సంపాదించినవాడు క్లైవ్ సలివాన్, కార్డిఫ్ నుంచి వచ్చిన మరో నల్లజాతి కుర్రాడు. ఏ క్రీడలోనైనా గ్రేట్ బ్రిటన్‌కు మొదటి నల్లజాతి కెప్టెన్ అతనే. 1972లో అతని నాయకత్వంలోనే జట్టు ప్రపంచ కప్ గెలిచింది. 1985లో నలభై దాటిన కొద్దికాలానికే క్యాన్సర్‌తో పోయాడు. హల్‌లోకి పడమటి నుంచి వచ్చే ఎ63 రోడ్డుకు అతని పేరు పెట్టారు. రేవుకు సరుకు తీసుకెళ్లే లారీ డ్రైవర్లలో చాలామందికి ఆ పేరు ఎవరిదో తెలియదు. హల్‌వాళ్లు మాత్రం ఆఫీసుకు ఎందుకు ఆలస్యమైందని అడిగితే, క్లైవ్ సలివాన్ మీద ట్రాఫిక్ ఆగిపోయిందని చెప్తారు.